పొద్దున్న అయిదింటి నీళ్లు ఎవరి వంతు?

విశాఖపట్నం పెదవాల్తేరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, వీధి బయటపెట్టొద్దన్నారు. ఆ రెండూ వదిలేసి మిగతాది కుదించి ఇస్తున్నాను.

ఆవిడకు 41 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. మావగారు కట్టిన రెండంతస్తుల ఇంట్లో ఉంటున్నారు. కింద అత్తగారు, ఆవిడ, భర్త, ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి. పైన మరిది, తోడికోడలు, నాలుగేళ్ల బాబు, ఏడు నెలల పాప. మొత్తం తొమ్మిది మందికి ఒకటే మున్సిపల్ కుళాయి, ఒకటే సంపు, ఒకటే మోటారు. డాబా మీద ట్యాంకులు మాత్రం రెండు, కింది వాటాకొకటి, పై వాటాకొకటి. 2006లో 120 అడుగులకు వేయించిన బోరు ఒకటుంది. మొదట్లో బాగానే ఉండేదట, రానురాను ఉప్పెక్కింది. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మొక్కలకీ వాకిలి కడగడానికీ వాడుతున్నారు. పెరట్లో పాత నుయ్యి ఉంది. పిల్లలు పడతారన్న భయంతో దానిమీద పలక వేసి మూసేశారు.

వేసవి వస్తే కుళాయి తెల్లవారుజామున అయిదింటికి వస్తుంది, ముప్పావుగంట ఉంటుంది. మొదటి నాలుగైదు నిమిషాలు తుప్పునీళ్లు. అవి పోయాక సంపు గొట్టం తిప్పాలి, తాగడానికి బిందెలు పట్టాలి, మోటారు వేసి ట్యాంకులు నింపాలి, పొర్లిపోకుండా కనిపెట్టుకుని ఆపాలి. తర్వాత వంట. ఏడున్నరకు స్కూలు బస్సు. భర్తది పోర్టులో ఎ, బి, సి షిఫ్టుల ఉద్యోగం, సి అంటే రాత్రి షిఫ్టు. మరిది విదేశీ కంపెనీకి ఇంటి నుంచే రాత్రిపూట పనిచేసి, తెల్లారాక పడుకుంటాడు. పైన పసిపిల్ల బట్టలకని వాషింగ్ మెషిన్ రోజుకు రెండుసార్లు తిరుగుతుంది. మోటారు కరెంటు కింది మీటరు మీద పడుతుంది. ఏప్రిల్ నుంచి అయిదువేల లీటర్ల ట్యాంకర్లు తెప్పిస్తున్నారు. డబ్బు ఎప్పుడూ ఆవిడ భర్త జేబులోంచే.

ఇక్కడి నుంచి ఆవిడ మాటల్లోనే: "ఆ రోజు అమ్మాయికి కోచింగ్‌లో పరీక్ష. మా ట్యాంకు ఖాళీ. పైన మెషిన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాకు ఒళ్లు మండిపోయి, సంపు దగ్గర పై ట్యాంకుకు వెళ్లే గేట్ వాల్వు కట్టేసి మా ట్యాంకే నింపుకున్నాను. అప్పటికే వాళ్ల ట్యాంకు అడుగంటిందట. పాపకు నలుగు పెట్టి స్నానం చేయిస్తుంటే మధ్యలో నీళ్లు ఆగిపోయాయి. తోడికోడలు కిందకొచ్చి వాల్వు చూసింది, నన్ను చూసింది. ఒక్క మాటా అనలేదు. మర్నాడు పిల్లల్ని తీసుకుని నరసన్నపేట పుట్టింటికి వెళ్లిపోయింది. మూడు వారాలైంది. మరిది నాతో మాట్లాడడం లేదు. 'నీళ్ల కోసం అన్నదమ్ముల్ని విడదీస్తావా' అంటారు మా ఆయన. 'ఏటమ్మా, ఇంట్లో నీళ్లకి కూడా లెక్కలేటి? హుద్‌హుద్ తుఫానప్పుడు వీధి వీధంతా మన నూతిలోనే తోడుకున్నారు. మనం వద్దన్నామా?' అంటారు అత్తయ్య. మరిదేమో బోరు మూడొందల అడుగులకు దింపిద్దాం, లేదా కుళాయి గొట్టానికే మోటారు బిగిద్దాం అంటున్నాడట. నేనేం చెయ్యాలి? సంపూ మోటారూ వేరు చేసుకోనా? మధురవాడ వైపు ఫ్లాటు అద్దెకు తీసుకుని వెళ్లిపోదామా? నోరు మూసుకుని ఇలాగే ఉండిపోనా? ఇంకో మాట, మీ జవాబు వచ్చాక మా ఆయనకు చూపించవచ్చా?"

అమ్మా, మీ ఉత్తరంలో రెండు కష్టాలు పెనవేసుకుపోయి ఉన్నాయి. ఇంటికి నీళ్లు చాలడం లేదు, అది ఒకటి. ఆ చాలీచాలని నీళ్ల కోసం ఏళ్ల తరబడి రోజూ లేచే మనిషి మీరొక్కరే, అది రెండోది. మీరు ఇంట్లో నోరు విప్పిన ప్రతిసారీ మొదటిదాని పేరే ఎత్తారు: మెషిన్ ఎన్నిసార్లు తిరిగింది, కరెంటు ఎవరి మీటరు మీద పడింది, ట్యాంకరుకు ఎవరిచ్చారు. మీ లోపల మండుతున్నది రెండోది. అది ఎవరికీ చెప్పలేదు కనుక ఎవరికీ వినపడలేదు. వాళ్ల చెవిన పడినదల్లా పెద్దకోడలు నీళ్లకు లెక్కలు కడుతోందన్న మాటే. ఈ రెండింటినీ విడదీసి చూద్దాం. అంతకంటే ముందు తేల్చాల్సింది గేట్ వాల్వు సంగతి.

కోపానికి మీకు కారణం ఉంది. అయినా పసిపిల్ల ఉన్న వాటాకు చెప్పకుండా నీళ్లు కట్టేయడం సరికాదు, ఆ మాట మీకూ తెలుసని మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. మిగతా తగవులో ఎవరిది న్యాయమో తేలేదాకా క్షమాపణను ఆపకండి. "కోపంలో కట్టేశాను చెల్లీ. పాప స్నానం చేస్తోందని తెలియదు. చెప్పకుండా కట్టడం నాదే తప్పు." ఇంతే చెప్పి ఆగండి. వెంటనే మెషిన్ గురించి ఒక్క ముక్క కలిపినా, మీ మాట సంజాయిషీలా వినిపిస్తుంది. ఫోన్ చేయాలా, నరసన్నపేట వెళ్లాలా అన్నది మీరు ఆలోచించుకోవాలి. వెళ్తే మీ మాటకు బరువుంటుంది. కానీ అక్కడ వాళ్ల అమ్మా నాన్నా కూర్చుంటారు, ఇద్దరు ఆడవాళ్ల మధ్య సంగతి పెద్దల పంచాయితీగా మారే వీలుంది. ఫోన్ అయితే చిన్నగా తేలుతుంది, మొక్కుబడి అనుకునే ప్రమాదమూ ఉంటుంది. నా మటుకు నాకు, ముందు మీరొక్కరే ఫోన్ చేయడం మంచిదనిపిస్తోంది. మరిదితో కబురు పంపొద్దు, మీ ఆయనను పక్కన కూర్చోబెట్టుకోవద్దు. ఆ అమ్మాయి రమ్మంటే వెళ్లండి. ఆమె వెంటనే తిరిగి రాకపోయినా అదంతా మీ మీద కోపమే అనుకోకండి. చంటిపిల్లతో ఉన్న తల్లి, ఎండాకాలం, నీళ్లు లేని ఇల్లు. పుట్టింట్లో కాస్త నిద్ర దొరుకుతుందని కూడా ఉండిపోవచ్చు.

ఇక నీళ్లు. మీరు లెక్కల టీచరు, ఇది మీకు నేను చెప్పాల్సిన పని కాదు. ఉత్తరం మూడో పేజీలో ఇరవై లీటర్ల బకెట్ నిండడానికి రెండు నిమిషాలు పడుతోందని రాశారు. అంటే నిమిషానికి 10 లీటర్లు. 45 నిమిషాలకు 450 లీటర్లు. సంపు పల్లంలో ఉంటుంది కనుక అక్కడ కాస్త ఎక్కువే పడుతుందనుకున్నా, తొమ్మిది మందికి పంచితే మనిషికి 50 లీటర్ల చిల్లర. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన మీ ఇంటికి 1,215 లీటర్లు రావాలి. పైవాళ్లు మెషిన్ పూర్తిగా మానేసినా, పైనుంచి నీళ్లు పోసే మెషిన్ ఒక్కో విడతకు సుమారు 100 నుంచి 150 లీటర్లు తాగుతుంది కనుక, రోజుకు రెండు మూడొందల లీటర్లు మిగులుతాయి. అవి చిన్నవి కావు. కానీ ఆ మూడొందలు కలిపినా మీ ఇంటి కొరత తీరదు. ఆ అమ్మాయి దుబారా వల్ల మీ ట్యాంకు ఎండిపోలేదు. ఇది మీకు తెలియడం ముఖ్యం, ఎందుకంటే మీ కోపంలో ఎక్కువ భాగం ఆ నమ్మకం మీదే నిలబడి ఉంది.

నగరానికి నీళ్లిచ్చే తాటిపూడి జలాశయం విజయనగరం జిల్లాలో గోస్తనీ నది మీద ఉంది, రైవాడ అనకాపల్లి జిల్లాలో శారద నది మీద. అవీ, మేహాద్రిగెడ్డా, ఏలేరు కాలువ నీళ్లూ కలిస్తేగాని ఊరికి చాలదు. వేసవిలో జలాశయాల్లో మట్టం తగ్గితే కుళాయి సమయం కుదించుకుపోతుంది. దాన్ని మీ ఇద్దరు తోడికోడళ్లు కొట్లాడి పెంచలేరు. కానీ వచ్చే నీళ్లు మీ గొట్టంలో ఎంతవరకు సవ్యంగా వస్తున్నాయో చూడొచ్చు. మొదటి నాలుగైదు నిమిషాలు తుప్పునీళ్లు వస్తున్నాయన్నారు కదా, నాకు అక్కడే అనుమానం. మావగారి కాలంలో వేసిన ఇనుప గొట్టమే వీధి పైపు నుంచి ఇంకా వాడుతుంటే, లోపల తుప్పు పేరుకుని దారి సన్నబడి ఉంటుంది. పరీక్ష తేలికే. పక్కింట్లో అదే సమయానికి అదే బకెట్ పెట్టి చూడండి. వాళ్లకూ రెండు నిమిషాలే పడితే ఆ లైనులోనే ఒత్తిడి తక్కువ. వాళ్లకు నిమిషంలో నిండితే లోపం మీ గొట్టానిదే. మార్పిస్తే ఎవరూ ఒక్క చుక్క తగ్గించుకోకుండానే నీళ్లు పెరుగుతాయి. ఏది తేలినా వార్డు సచివాలయంలో అమెనిటీస్ (సౌకర్యాల) కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి. వీధిలో నలుగురి సంతకాలుంటే ఇంకా మంచిది. వీధి పైపు దగ్గర తవ్వకం సొంతంగా మొదలుపెట్టొద్దు, అది నగరపాలక సంస్థ అనుమతితోనే జరగాలి.

దానికన్నా పెద్ద ఆదా మీ కళ్ల ముందే ఉంది. బోరు నీళ్లు మొక్కలకూ వాకిలికే వాడుతున్నామని రాశారు. అంటే రెండు వాటాల్లోనూ ఫ్లష్ ట్యాంకుల్లోకి మంచినీళ్లే వెళ్తున్నాయి. పాతకాలపు ఫ్లష్ ఒక్క నొక్కుకు 10 లీటర్ల దాకా వదులుతుంది. ఏడెనిమిది మంది రోజంతా వాడితే దాదాపు మూడొందల లీటర్లు, మీరు తెల్లారగట్ల లేచి పట్టిన నీళ్లు, అలా పోతున్నాయి. డాబా మీద బోరు నీళ్లకని ఒక చిన్న ట్యాంకు పెట్టి, అక్కడి నుంచి ఫ్లష్‌లకు మాత్రమే వేరే పైపు దింపించండి. గోడ బయటి నుంచి వేసే పని కనుక గచ్చు పగలగొట్టక్కర్లేదు. ఉప్పునీళ్లకు ఇత్తడి, ఇనుము తొందరగా పాడవుతాయి కనుక బిగించేవన్నీ ప్లాస్టిక్‌వే ఉండాలి. ఈ పైపు, మంచినీళ్ల పైపు ఎక్కడా కలవకూడదు, ప్లంబరుకు ఆ మాట రెండుసార్లు చెప్పండి. దీనికి ముందే ఒక రాత్రి ఫ్లష్ ట్యాంకుల్లో బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు వేసి, అరగంట వాడకుండా ఉంచి చూడండి. కమోడ్‌లో నీలి రంగు కనబడితే అక్కడ నీళ్లు కారుతున్నట్టే. ఎవరి వాటాలో కారుతోందన్న ప్రశ్న రాకుండా రెండు వాటాల్లోనూ ఒకేసారి చేయండి.

మీ మరిది సూచనలు రెండింటి గురించీ నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించడం వద్దే వద్దు. అది నిబంధనలకు విరుద్ధం, పట్టుకుంటే కనెక్షను పోవచ్చు. అంతకుమించి, మోటారు లాగే ఊపుకు గొట్టం పగుళ్లలోంచి పక్కనున్న మురుగు కూడా లోపలికి వస్తుంది. అదే నీళ్లు ఏడు నెలల పాప పాలసీసాలోకి వెళ్తాయి. మీ వీధి చివరి ఇళ్ల నీళ్లు మీరు లాక్కున్నట్టూ అవుతుంది.

బోరు లోతు చేయడం విన్నవాళ్లకు సబబుగానే అనిపిస్తుంది. సముద్రానికి దగ్గరున్న నేలలో సంగతి వేరు. అక్కడ భూమిలో మంచినీరు తేలిక కనుక ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. శాస్త్రవేత్తలు చెప్పే మోటు లెక్క ప్రకారం మంచినీటి మట్టం ఒక్క అడుగు తగ్గితే అడుగునున్న ఉప్పునీరు సుమారు 40 అడుగులు పైకి లేస్తుంది. 120 అడుగుల బోరు ఏళ్లు గడిచేకొద్దీ ఉప్పెక్కిందంటే ఇప్పటికే ఆ పని మొదలైందని అనుకోవాలి. మన విశాఖ నేల అడుగున గట్టి రాయి. నీళ్లు దాని పగుళ్లలో ఉంటాయి కనుక ఒక ఇంటికీ పక్కింటికీ తేడా రావచ్చు, అదృష్టం కలిసి రావచ్చు కూడా. కానీ లోతుకు వెళ్తే ఇంకా ఉప్పు తగిలే అవకాశమే ఎక్కువ. దాని మీద లక్ష పోసే ముందు ఇప్పటి బోరు నీళ్లు, పక్కిళ్ల బోరు నీళ్లు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల) పరీక్ష చేయించండి. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనిచోట 2,000 దాకా ఒప్పుకుంటారు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కూడా కావాలి. "నీ ఆలోచన తప్పు" అని మరిదికి చెప్పకండి. పరీక్ష కాగితం అతని చేతికే తెప్పించండి, అతనే నిర్ణయించుకుంటాడు.

ఇక మూసేసిన నుయ్యి. మన ఊళ్లో ఏడాదికి దాదాపు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మీ డాబా వెయ్యి చదరపు అడుగులనుకుంటే, వృథా పోను 70 వేల లీటర్లకు తక్కువ కాకుండా ఇప్పుడు కాలువ పాలవుతోంది. డాబా గొట్టాన్ని కంకర, ఇసుక పోసిన చిన్న గుంట గుండా నూతిలోకి మళ్లించండి, ఏటా తొలి వాననీళ్లు మాత్రం బయటికి వదిలేయండి. ఒక్క ఏడాదిలో అద్భుతం జరగదు. రెండు మూడు వానాకాలాలకు నుయ్యీ బోరూ కాస్త తియ్యబడవచ్చు. తాగడానికి కాకపోయినా మెషిన్‌కు పనికొస్తే చాలు కదా. పలక అలాగే ఉంచి, దానికి ఇనుప జాలీ మూత పెట్టి తాళం వేయండి. ఈ పని జూన్‌లో వానలు పడేలోపే కావాలి.

దీన్ని మీ అత్తగారితో మొదలుపెట్టించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఊరంతా రోజుల తరబడి కరెంటు లేక, మోటార్లు ఆడక, గుక్కెడు నీళ్లకు అల్లాడిపోయింది. ఆ రోజుల్లో వీధికి నీళ్లిచ్చిన ఇల్లు ఆవిడది. ఆవిడకు అది ఎంత గౌరవమో మీరు రాసిన ఆ ఒక్క మాటలోనే తెలుస్తోంది. అలాంటి మనిషికి సొంత కోడళ్లు బకెట్లు లెక్కపెట్టుకోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. పైగా ఆవిడ చూసిన ఇళ్లలో లెక్క మొదలైన ఏడాదో రెండేళ్లకో పంపకాలు జరిగి ఉంటాయి. మావగారు పోయాక ఆ ఇల్లు ఒకటిగా ఉండడమే ఆవిడకు మిగిలిన ధైర్యం. మీరు లెక్క తీసిన ప్రతిసారీ ఆవిడకు ఆ భయమే. "అత్తయ్యా, నుయ్యి మళ్లీ తెరుద్దాం, వాననీళ్లు పడదాం, మీరు దగ్గరుండి చేయించండి" అని అడిగి చూడండి. ఆవిడ మీ పక్షానికి వచ్చేస్తారని మాటివ్వలేను. నీళ్ల గురించి మీ ఇద్దరూ ఒకవైపు నిలబడి మాట్లాడే సందర్భం మాత్రం దొరుకుతుంది.

మోటారు కరెంటు తగవు వదిలేయండి. ఒక హార్స్‌పవర్ మోటారు రోజుకు అరగంట ఆడితే నెలకు 15 యూనిట్లు దాటదు. ఏ శ్లాబులో వేసినా రెండొందల లోపే. దాని కోసం మీరు పోగొట్టుకున్నది చాలా ఎక్కువ. ట్యాంకరు డబ్బు మాత్రం వదలక్కర్లేదు. ఒకసారి మీరు, ఒకసారి వాళ్లు. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోవాల్సిన సంగతి అది, మీరు మధ్యవర్తి కాకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పొద్దున్న అయిదింటి పని.

మీ ఉత్తరం చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. మీ మరిది రాత్రంతా పనిచేసి తెల్లారాక పడుకుంటాడన్నారు. అంటే అయిదింటికి ఆ ఇంట్లో అలారం లేకుండా మెలకువగా ఉండే మనిషి ఆయనొక్కడే! మీరు నిద్రను తెంపుకుని లేస్తున్న ఆ సమయానికి ఆయన డాబా మీదో హాల్లోనో కూర్చుని ఉంటాడు. ఇన్నేళ్లలో ఈ మాట ఆయనకు తట్టలేదు, మీ ఆయనకు తట్టలేదు, అత్తగారికి తట్టలేదు. మీకూ తట్టలేదు. నీళ్లు పట్టడం ఆడవాళ్ల పని అని ఇంటిల్లిపాదీ, మీతో సహా, నమ్మేశారు. దీనికి నాకు బాధగా ఉంది, మీ ఒక్క ఇంటి గురించే కాదు. అక్కయ్యపాలెంలోనూ ఆరిలోవలోనూ తెల్లవారుజామున కుళాయిల దగ్గర ఎవరుంటారో మనందరికీ తెలుసు.

మొదట పనిని తగ్గించండి, తర్వాత పంచండి. సంపు గొట్టానికి తేలే వాల్వు పెట్టిస్తే నిండగానే అదే ఆగుతుంది. తుప్పు గొట్టం మారితే మొదటి నీళ్లు పారబోసే పనీ పోతుంది. నీళ్లు సంపులో చేరాక మోటారు అయిదింటికే వేయాలని ఏముంది? తొమ్మిదింటికి అత్తగారు వేయొచ్చు, స్విచ్చు నొక్కడమే కదా. ట్యాంకు నిండితే తానే ఆగిపోయే ఆటోమేటిక్ పెట్టెలు కొద్ది వేలల్లో దొరుకుతున్నాయి. అప్పుడు అయిదింటికి మిగిలేది తాగే నీళ్లు పట్టడం ఒక్కటే. అది మరిది చేయొచ్చు. ఆయనకు సెలవున్న రోజు, మీ ఆయన సి షిఫ్టులో లేకపోతే ఆయన చేయొచ్చు. అమ్మాయిని పరీక్షలయ్యేదాకా వదిలేసి, అబ్బాయిని కలపండి. ఆ పని కూతురికి మాత్రమే నేర్పకండి.

ఇలా వంతులు వేసినప్పుడు ఏం జరుగుతుందో ముందే చెప్తాను. మొదటి వారంలో ఎవరో ఒకరు మర్చిపోతారు. ఆ రోజు ఇంట్లో నీళ్లుండవు. అందరూ మీ వైపు చూస్తారు. అప్పుడు మీరు బిందె పట్టుకుని పక్కింటికి పరిగెత్తితే మర్నాటి నుంచి ఆ పని మళ్లీ మీదే. అలా పరిగెత్తకుండా ఉండగలిగితే ఉండండి. ఉండలేకపోతే వంతుల మాట ఎత్తకుండా, యంత్రంతో తగ్గేంత పని తగ్గించుకుని, మిగిలింది మీరే చేస్తున్నానని మనసులో ఒప్పుకుని చేయండి. అదీ ఒక దారే. కానీ దానికి తర్వాత ఎవరినీ నిందించకూడదు.

సంపూ మోటారూ వేరు చేసుకుంటే రోజువారీ గొడవ తగ్గుతుంది, నిజమే. ఖర్చవుతుంది, కుళాయి మాత్రం ఒకటే ఉంటుంది కనుక ఆ 450 లీటర్లను ఎవరు ముందు పట్టుకోవాలన్న తగవు సంపు మూత దగ్గరికి మారుతుంది. రెండో కుళాయి కనెక్షను వస్తేనే ఆ విభజనకు అర్థం. పై వాటాకు వేరే ఇంటిపన్ను నంబరు ఉందో లేదో చూసుకుని సచివాలయంలో అడగండి. అదికూడా తోడికోడలు తిరిగి వచ్చి, మీ నలుగురూ కూర్చుని అనుకున్నాకే. ఆమె ఊళ్లో లేనప్పుడు తాపీమేస్త్రీ వచ్చి గోడ కడితే, ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

మధురవాడ మాట. వెళ్లొచ్చు, తప్పేం లేదు. అయితే నీళ్ల కోసం వెళ్లకండి. వేసవిలో అక్కడి అపార్టుమెంట్ల ముందు కూడా ట్యాంకర్లు ఆగుతున్నాయి, ఆ ఖర్చు నెలవారీ మెయింటెనెన్సులో కలుస్తుంది. అద్దె, అమ్మాయి కాలేజీ దూరం, మీ స్కూలు బస్సు అన్నీ తూకం వేసుకోండి. అత్తగారు ఎవరి దగ్గరుంటారన్న ప్రశ్న వస్తుంది, దానికి ఆవిడను అడక్కుండా మీరెవరూ జవాబు చెప్పకూడదు. ఈ కోపంలో వెళ్తే వాల్వు కట్టి వెళ్లిపోయిన కోడలనే మాట మిగులుతుంది. రాజీ పడ్డాక, రెండు కుటుంబాలకీ ఇల్లు చాలడం లేదని తేలి వెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు.

నోరు మూసుకుని ఉండడం గురించి అడిగారు. అది మీరు ఇప్పటికే చేసి చూశారమ్మా. ఆ మౌనమే ఆ రోజు వాల్వు దగ్గరికి నడిపించింది.

ఆఖరిగా, మీ ఆయనకు ఇది చూపించవచ్చా అని అడిగారు. నీళ్ల లెక్కలు, గొట్టం సంగతి, బోరు సంగతి ఉన్నంతవరకు చూపించండి. మరిదికి కూడా ఆ భాగం పంపొచ్చు. మీ తెల్లవారుజాము సంగతి మాత్రం కాగితం మీంచి ఆయన చదువుకోకూడదు, మీరే చెప్పాలి. సి షిఫ్టు దిగి వచ్చి కళ్లు మూతలు పడుతున్నప్పుడు వద్దు, ఇద్దరికీ సెలవున్న రోజు చూసుకోండి. మెషిన్ పేరు, తమ్ముడి పేరు, ట్యాంకరు పేరు రానివ్వకండి. "ఇన్నేళ్లుగా పొద్దున్న నాలుగూ ముప్పావుకు లేస్తున్నాను, నాకు అలసటగా ఉంది, ఈ పని నా ఒక్కదానిదీ కాకూడదు" అనండి. ఆయన వెంటనే "సరే" అనకపోవచ్చు, "అందరిళ్లలోనూ ఇంతే" అనొచ్చు. అప్పుడు వాదించకుండా, మరుసటి వారం ఆయనకు ఏ షిఫ్టు పడిందో అడిగి, అందులో ఒక్క పొద్దు ఆయన్ని కుళాయి దగ్గర నిలబడమనండి.